ఒక్క కంప్యూటర్ తప్ప

మా వదిన ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసే మనిషి. గ్యాస్ కట్టానా లేదా అని మంచం ఎక్కాక మళ్లీ దిగి చూస్తుంది. ఆమె లాగుళ్లకి కిందటేడు తాళమే ఊడి చేతిలోకి వచ్చింది. అలాంటి మనిషి అంత పని ఎలా చేసింది అని నన్నడిగితే నేనేం చెప్పను? చేసింది. చేశాక ఊరుకుంది, అది ఇంకా పెద్ద తప్పు.

నేను ఆమె ఆడపడుచుని. కింది వాటాలో అన్నయ్యా వదినా, పై వాటాలో కుట్టుమిషనుతో నేను. నా నోటికి మా వీధిలో చాలామంది జడుస్తారు గానీ వదిన జడవదు, నవ్వి ఊరుకుంటుంది. ఆమెని మెచ్చుకునే హక్కూ తిట్టే హక్కూ నాకు సమానంగా ఉన్నాయని నా ఉద్దేశం.

వదిన రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకుంటుంది. ముందు హాల్లో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, వాటి ఎదురుగా రిసెప్షన్ బల్ల, పక్కన సూది గుచ్చే గది, అన్నిటికీ వెనక అట్టపెట్టెల మధ్య కిటికీ లేని గది. ఆ చివరిది వదినది. ఆమె పనిలో సగం, నాకు అర్థమైనంత వరకు, అప్‌డేట్లు వేయడమే. వాళ్లు వాడే బ్రౌజర్ ఏదో ఒక కంపెనీ తలుపులేసుకుని తయారు చేసింది కాదట. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాస్తారు, రాసిందంతా ఎవరైనా చదువుకునేలా బయటే పెడతారు. మరి దొంగలూ చదువుతారు కదా అని ఒకసారి అడిగాను, ఎంతో తెలివిగా అడిగాననుకుని.

చదువుతారు, అంది వదిన. చదివేవాళ్లు ఎక్కువమంది ఉంటారు కాబట్టి ఎక్కడ కన్నం ఉన్నా మంచివాళ్ల కంట కూడా తొందరగా పడుతుంది, వాళ్లు వెంటనే పూడుస్తారు. పూడ్చిన సంగతి దాచరు, ఫలానా చోట కన్నం ఉండేది, పూడ్చాం, అందరూ వేసుకోండి అని చెబుతారు. ఆ కబురు వచ్చాక కూడా వేసుకోని ఇల్లు మిగిలిందంటే, కన్నం ఎక్కడుందో దొంగకి మనమే చెప్పినట్టు. అందుకని వచ్చిన రోజే వేసెయ్యాలి, నాన్చకూడదు. ఈ పాఠం మా వదిన నాకు చెప్పింది, అన్నయ్యకి చెప్పింది, పాలబ్బాయికి కూడా చెప్పింది. పాపం అతను పాల డబ్బు అడగడానికి వచ్చి, ఫోన్ అప్‌డేట్ చేయించుకుని వెళ్లాడు.

ఇప్పుడు టెలిఫోన్ బాబాయి సంగతి. ల్యాబ్‌లో ముందు బల్ల ఆయనది. పడుచు వయసులోనే చూపు పోయింది. మొదట ఫోన్లు ఎత్తే పనికి చేరాడు, ఆ పేరు అలాగే ఉండిపోయింది. తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఆయన దగ్గర ఒక ప్రోగ్రాం ఉంది, తెర మీద ఉన్నదాన్ని చెవిలో చదివి వినిపిస్తుంది. ఆ గొంతు ఎంత వేగంగా మాట్లాడుతుందంటే, ఒకసారి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెడితే బాణలిలో ఆవాలు చిటపటమన్నట్టే ఉంది తప్ప ఒక్క మాట అందలేదు. ఆయన ఒక చెవితో దాన్నీ, ఇంకో చెవితో ఫోన్లో మనిషినీ వింటూ టకటకా కొట్టుకుపోయేవాడు. ఎవరి రిపోర్టు వచ్చింది, ఎవరిని పరగడుపున రమ్మనాలి, ఎవరికి సూదంటే భయం, అన్నీ ఆయనకి తెలుసు. నాకు కళ్లు లేవు గానీ నా వేళ్లు తప్పు చెయ్యవు అని కాస్త గొప్పగానే చెప్పుకునేవాడు. ఎవరూ కాదనేవాళ్లు కాదు.

వదినని అమ్మడూ అని పిలిచేవాడు. అడుగుల చప్పుడు విని, "చెప్పులు మార్చావే అమ్మడూ" అనేవాడు. ఏళ్లుగా కాపురం చేస్తున్న మా అన్నయ్య ఆమె కొత్త చెప్పులు కొన్నాక ఎన్నాళ్లకి గమనిస్తాడో నేను చెప్పను, ఇంటి పరువు.

ఒక ఉదయం బ్రౌజర్‌కి అప్‌డేట్ వేశాక ఆ చదివే గొంతు తడబడింది. తెర మీద బటన్లు ఉన్నాయి, వాటి పేర్లు దానికి అందడం లేదు. బటన్, బటన్, బటన్ అంటోంది, ఏ బటన్ దేనికో చెప్పదు. ఫోన్ మోగుతోంది, కుర్చీలు నిండిపోయాయి, ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా. బాబాయి వదినని పిలిపించి, ఎవరికీ వినపడకుండా అన్నాడట:

"అమ్మడూ, ఇన్నేళ్ల తర్వాత ఇవాళ నేను మళ్లీ గుడ్డివాణ్ణయ్యాను."

ఆ మాట వదిన తట్టుకోలేకపోయింది. అప్పటికప్పుడు ఆయన కంప్యూటర్‌లో పాత బ్రౌజర్ తిరిగి పెట్టేసింది. మళ్లీ కొత్తది దానంతటది వచ్చి పడకుండా ఆ ఒక్క కంప్యూటర్‌నీ ఆపి ఉంచింది. దాన్ని హోల్డ్‌లో పెట్టడం అంటారట వాళ్లు. చదివే ప్రోగ్రాం రాసేవాళ్లు ఎలాగూ సరిచేస్తారు, ఆ నాలుగు రోజులే కదా అనుకుంది. ఇంకో చిన్న పని కూడా చేసింది. ఆమె గదిలో ఒక తెర మీద ల్యాబ్ కంప్యూటర్లన్నీ కనబడతాయి, అప్‌డేట్ అయినవి పచ్చగా, కానివి ఎర్రగా. బాబాయిది ఎర్రగా ఉంటే మేనేజర్ చూసి, కారణం అడిగి, అయితే ఆయన్ని మార్చేద్దాం అంటాడేమోనని, దాన్ని ఆ తెర మీంచి తీసేసింది. తాత్కాలికంగా. ఈ లోకంలో తాత్కాలికంగా అన్నదాని కంటే ఎక్కువ కాలం నిలిచేది నేను చూడలేదు, నా మిషను కాలి కింద పెట్టిన అట్టముక్కతో సహా.

చదివే ప్రోగ్రాం తొందరలోనే బాగైంది. అప్పటికి ల్యాబ్ పైఅంతస్తులో కొత్త గదులు తెరిచారు, వదిన వైర్ల మధ్య పడి తిండి కూడా మర్చిపోయింది. కళ్ల ముందు ఎర్రగా ఏదీ లేదు, గుర్తుచేసేవాళ్లూ లేరు. మేనేజర్ వారం వారం టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అన్నీ అయ్యాయా?" అని అడిగేవాడు. "అన్నీ అయ్యాయి సార్" అనేది వదిన. మొదట్లో ఆ మాట అన్నప్పుడు ఒక్క కంప్యూటర్ తప్ప అని మనసులో అనుకునేదట. పోనుపోను అదీ మానేసింది.

అంతలో బ్రౌజర్‌లో పెద్ద కన్నమే బయటపడింది. పేజీ తెరిస్తే చాలు, ఏమీ నొక్కక్కర్లేదు, దొంగ లోపలికి వచ్చేస్తాడట. పూడ్చే అప్‌డేట్ వచ్చిన పూటే వదిన అన్నిటికీ వేసింది. సాయంత్రం ఇంటికొచ్చి, ఊళ్లో వాళ్లందరికంటే ముందు మేమే వేశాం అని అన్నయ్య దగ్గర గొప్పలు పోయింది. నేను విన్నాను, ఆ గొప్ప నాకింకా చెవుల్లో ఉంది.

కొన్నాళ్లకి ఒక ఉదయం ల్యాబ్ తెరిచేసరికి జనం గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. మీ రిపోర్టు వచ్చింది, మీ పాస్‌వర్డ్ ఇచ్చి ఇక్కడ చూసుకోండి అని అందరికీ మెయిళ్లు వెళ్లాయి. పంపింది ఎవరో దొంగ, కానీ వెళ్లింది బాబాయి బల్ల నుంచి, ఆయన పేరుతో. ఆయన పేరు చూసి ఎవరు అనుమానిస్తారు? ఇచ్చేశారు. మెడ దగ్గర గడ్డకి పరీక్ష చేయించుకుని ఫలితం కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్న ఒకావిడ, పాస్‌వర్డ్ ఇస్తే తెల్ల కాగితం లాంటి పేజీ కనిపించేసరికి, చెడు కబురు కాబట్టే దాస్తున్నారనుకుని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. బాబాయి బల్ల ఇవతలికి తడుముకుంటూ వచ్చి, ఆమె పక్క కుర్చీలో కూర్చుని, రిపోర్టు ఇంకా రాలేదు తల్లీ, ఇది నా తప్పు, నన్ను క్షమించు అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన తప్పు అని అప్పటికి ఎవరూ అనలేదు. ఆయనే అనుకున్నాడు.

వదిన ఆయన కంప్యూటర్ ముందు కూర్చోగానే హోల్డ్ కనబడింది. సాయంత్రం బస్సు వేళలు చూసుకోడానికి బాబాయి రోజూ తెరిచే పేజీలో ఎవరో విషం పెట్టారు. ఆయన దాన్ని తెరిచాడు, అంతే. మిగతా ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఏమీ అయ్యేది కాదు. వదిన దాన్ని మొత్తం తుడిచేసి, కొత్త బ్రౌజర్ పెట్టి, పచ్చ తెర మీదికి మళ్లీ చేర్చింది. తుడవడం పద్ధతే, ఎవరైనా చేసేదే. కానీ అదే చేత్తో తన తప్పు జాడ కూడా పోతోందని ఆమెకి తెలుసు, తెలిసే చేసింది. ఈలోగా మేనేజర్ వచ్చి, పాపం చూపు లేని మనిషి, ఏదో లింకు నొక్కి ఉంటాడు అన్నాడు. వదిన మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అని ఊరికే అన్నారా?

మేనేజర్ చెడ్డవాడు కాదు. బాబాయిని ఉద్యోగంలోంచి తియ్యలేదు. బల్ల దగ్గర్నుంచి లేపి, గుమ్మం పక్కన స్టూలు వేసి, టోకెన్ నంబర్లు పిలిచే పని ఇచ్చాడు. ఎవరో ఆయన చెవిలో నంబరు చెబితే ఆయన పైకి అరవాలి. అందరూ పాపం అన్నారు. ఏళ్లు పట్టి నేర్చుకున్న పని బాబాయి చేతిలోంచి జారిపోయింది.

ఇంట్లో వదిన తేలు కుట్టిన దొంగలా తిరిగింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. నా ఫోన్, అన్నయ్య ఫోన్, ఇంటివాళ్ల కంప్యూటర్, కనబడినదానికల్లా అప్‌డేట్ వేసేది. కొలతలివ్వడానికి నా దగ్గరికి వచ్చిన ఒకావిడ చేతిలోంచి ఫోన్ లాక్కుంటే, ఆవిడ కంగారుపడి జాకెట్టు గుడ్డ వదిలేసి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండి, నీకేమైంది వదినా అని నిలదీశాను. అప్పుడు మెట్ల మీద కూర్చుని అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ చీర కొంగు దారాలు పీకుతూనే ఉంది, కుట్టేదాన్ని నేను గదా, ఆ పీకుడు చూడలేక చెయ్యి పట్టుకుని ఆపాను.

అన్నయ్య విని, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు, నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు, ఊరుకో అన్నాడు. నేను ఊరుకోలేదు. రేపే వెళ్లి చెప్పు అన్నాను. చెబుతాను అంది. మర్నాడు వచ్చి, మేనేజర్ బయటికి వెళ్లాడు అంది. ఆ మర్నాడు, జనం ఎక్కువగా ఉన్నారు అంది. నేను గొడవ చేస్తే, గుమ్మం దగ్గర ఆయన నంబర్లు పిలుస్తుంటే ఆ పక్కనుంచే నడిచి వెళ్లాలే, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వెళ్తున్నాను, నేనని ఆయనకి తెలియకుండా అని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నేనూ కాస్త మెత్తబడ్డాను. మెత్తబడకుండా ఉండాల్సింది.

సెలవు రోజు పొద్దున బాబాయే మా ఇంటికి వచ్చాడు. చేతికర్ర, భుజానికి గుడ్డసంచి, సంచిలో ఆయన సొంత పాత కంప్యూటర్. బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ వచ్చాడట. అన్నయ్య జుట్టు కత్తిరించుకోడానికి వెళ్లాడు. బట్టలు ఆరేస్తున్న వదిన చేతిలో తడి బట్టలతో అలాగే నిలబడిపోయింది. నేను కుర్చీ వేసి, టీ పెట్టాను. బాబాయి కంప్యూటర్ తెరిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మడూ, ఆ రోజు నేనేం నొక్కానో నాకు చూపించాలి. తెలిస్తే మళ్లీ చెయ్యను. నేర్చుకున్నానని మేనేజర్‌కి చెప్పి నా బల్ల అడుగుతాను."

వదిన బట్టలు బకెట్లో వేసి, మళ్లీ తీసి పిండింది. ఆయన అది సిగ్గనుకున్నాడో, మొహమాటం అనుకున్నాడో, తనే మొదలుపెట్టాడు. ఇంట్లో రోజూ సాధన చేస్తున్నానన్నాడు. బ్రౌజర్ తెరిచాడు. వేలు మీట మీదికి తెచ్చి ఆపేశాడు. ఇది నొక్కనా అమ్మడూ అని అడిగాడు. నొక్కాడు. మళ్లీ ఆగాడు. ఇది నొక్కవచ్చా? వానచినుకుల్లా టపటపా పడే వేళ్లతో నేను చూసిన మనిషి కాదు ఈయన. ప్రతి మీట దగ్గరా చిన్నపిల్లాడిలా అడుగుతున్నాడు. నేను వదిన వైపు చూశాను. ఈసారి నేను ఏమీ అనక్కర్లేకపోయింది.

"మీరేం నొక్కలేదు బాబాయ్," అంది వదిన. "మీ కంప్యూటర్‌కి అప్‌డేట్లు నేనే ఆపాను. తర్వాత తియ్యడం మర్చిపోయాను. తప్పు నాది."

బాబాయి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు. సరిగా వినలేదేమో అన్నట్టు మళ్లీ చెప్పమన్నాడు. చెప్పింది. చదివే గొంతు బటన్ బటన్ అన్న రోజు నుంచి మొదలుపెట్టి, తుడిచేసినదాకా, ఏదీ దాచలేదు. ఆయన తల వంచుకుని విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు, నీకెప్పుడు తెలిసింది అని.

"ఆ రోజు పొద్దున్నే."

టీ చల్లారిపోయింది.

"మర్చిపోవడం పెద్ద తప్పు కాదమ్మా. నా మీద జాలిపడి ఆపావు, సరే. కానీ ఇన్నాళ్లూ నేను ఇంట్లో కూర్చుని ఈ వేళ్లలో ఏ వేలు తప్పు చేసిందా అని వెతుక్కున్నాను. నాకున్నవి ఈ వేళ్లే. నీకు తెలుసు. తెలిసీ నన్ను వెతుక్కోనిచ్చావు."

కంప్యూటర్ మూసి సంచిలో పెట్టుకుని లేచాడు. బస్సు దాకా వస్తానని వదిన చెయ్యి పట్టుకోబోతే, మెల్లిగా విడిపించుకున్నాడు. "నేను వెళ్లగలను. మీరు పని చూసుకోండి" అన్నాడు. ఆ మీరు అన్న మాట నాకే గుచ్చుకుంది, ఇక వదిన సంగతి చెప్పాలా. కర్ర చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది.

మర్నాడు వదిన మేనేజర్ గదిలో కాదు, హాల్లోనే, కుర్చీల్లో జనం ఉండగానే చెప్పింది. మేనేజర్ చెడామడా తిట్టాడు, తిట్టాల్సిందే. తర్వాత ఆమె ఏ కంప్యూటర్‌ని ఆపినా రెండో మనిషికి చెప్పి ఆపాలని, తెర మీంచి దేన్నీ తియ్యకూడదని నిబంధన పెట్టాడు. గడ్డ ఆవిడ ఇంటికి వదిన స్వయంగా వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేసి వచ్చింది. ఆవిడకి గడ్డ ప్రమాదం కాదని తేలింది, అది మా అదృష్టం తప్ప మా గొప్ప కాదు. బాబాయిని ఆ పూటే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వేళ్లు కుదురుకోడానికి కొన్నాళ్లు పట్టింది గానీ కుదురుకున్నాయి.

మొన్న నాకు నీరసంగా ఉంటే రక్తపరీక్షకి ఆ ల్యాబ్‌కే వెళ్లాను. బాబాయి నా అడుగుల చప్పుడు పట్టేశాడు. "రా అమ్మడూ, మీ అన్నయ్య కులాసాయా? సూదికి భయపడకు, చీమ కుట్టినట్టు ఉంటుంది" అన్నాడు. నాతో మాట్లాడుతూనే ఫోన్లో ఇంకొకరికి పరగడుపున రమ్మని చెబుతున్నాడు, టకటకా కొడుతున్నాడు. నాకు సంతోషమైంది. అంతలో వెనక గదిలోంచి వదిన వచ్చింది, చెప్పులు వేసుకునే.

బ్రౌజర్‌కి అప్‌డేట్ వచ్చింది బాబాయ్, ఒకసారి మూసి తెరవాలి అంది. అలాగే మేడమ్ అని ఆయన వేళ్లు తీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వదిన వంగి పని చేస్తోంది, ఆయన ఊరికే ఎదురు చూస్తున్నాడు. చెప్పుల గురించి ఏమైనా అంటాడేమోనని నేను చెవి రిక్కించాను. వదిన కొత్త చెప్పులే వేసుకుంది, నాకు తెలుసు, ఇద్దరం కలిసి వెళ్లే కొన్నాం.

"అయింది బాబాయ్. అన్నిటికీ వేసేశాను," అంది వదిన.

"అన్నిటికీనా మేడమ్?" అన్నాడాయన. కోపంగా కాదు, మామూలుగానే, టోకెన్ నంబరు అడిగినట్టు.

వదిన తన గదిలో తెర చూసుకునే వచ్చింది, మిగిలింది ఈ ఒక్కటేనని వస్తూనే నాతో చెప్పింది కూడా. అయినా ఒక్క క్షణం నిలబడి, మళ్లీ చూసి వస్తానండీ అని వెనక గదిలోకి వెళ్లింది.